చెదరిన పాటలు

మన భాషలో పరస్పర విరుద్ధములుగా తోచు సామెతలు రెండు కలవు. 'ఆలస్యము అమృతము విషము' అని ఒకటి. 'నిదానమే ప్రధానము' అని మరియొకటి. ఈ రెంటిలో దేనిని ఎప్పుడు పాటింపవలెనో తెలిసికొనుటయే వివేకము. ఇల్లు కాలుచున్నప్పుడు మొదటిది పనికివచ్చును. వస్తువు కనబడకపోయినప్పుడు రెండవది పనికివచ్చును. చెరువులో ఉంగరము జారిపడగా, వెంటనే దిగి కాళ్లతో కలచువాడు బురదను పైకి లేపి, కనబడవలసిన ఉంగరమును గూడ కనబడకుండ చేసికొనును. నీరు తేరువరకు గట్టుమీద నిలిచినవానికే అది చిక్కును. కంప్యూటరు డిస్కులలో చెదరిపోయిన సమాచారమును తిరిగి రాబట్టు విద్యకు మూలసూత్రము సరిగా ఇదియే. ఈ సంగతి మా గ్రామమునకు వచ్చిన ఒక ఆపద వలన నాకు తెలిసినది.

మా గ్రామ గ్రంథాలయము వారు 2014వ సంవత్సరమున వృద్ధుల పాటలను సేకరింప మొదలిడిరి. నాట్లు వేయునప్పుడు పాడునవి, తిరుగలి విసరునప్పుడు పాడునవి, రోకటి పాటలు, లాలి పాటలు, అప్పగింతల పాటలు - ఇట్లు ఎనిమిదేండ్లలో 612 పాటలు కూడినవి. పాడువారి కంఠముతో పాటు వారి రూపమును గూడ చిత్రీకరించిరి. తెలుగు బోధించినవాడనగుటచే పాటలలోని మాటలను వ్రాసి, అర్థములు కూర్చు భారము నాపై పడినది. పిండిమరలు వచ్చిన పిదప తిరుగళ్లు మూలబడినవి; వానితోపాటు తిరుగలి పాటలును మూలబడినవి. పాడినవారిలో చాలమంది 2022 నాటికి గతించిరి. వారి పాటలకు అచ్చుపుస్తకము లేదు. ఆ కంఠములన్నియు గ్రంథాలయమున ఒక మూలనున్న చిన్న పెట్టెలో, నాలుగు డిస్కులపై నిలిచియుండెను.

డిస్కులు నాలుగేల యని మీరు అడుగవచ్చును. డిస్కు అనగా అద్దమువలె మెరయు పళ్లెములు గల పరికరము. ఆ పళ్లెములు నిమిషమునకు 5400 లేక 7200 మారులు తిరుగుచుండగా, వానిపై సమాచారము అయస్కాంతపు గుర్తులుగా నిలుచును. తిరుగు వస్తువు ఎప్పటికైనను అరుగక తప్పదు. కనుక ఒక డిస్కు చెడినను సమాచారము చెడకుండు ఉపాయమును శాస్త్రజ్ఞులు వెదకిరి. 1988వ సంవత్సరమున అమెరికాలో, బర్క్‌లీ యందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున పనిచేయుచుండిన డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు ఒక వ్యాసమును ప్రకటించిరి. ఖరీదైన పెద్ద డిస్కు నొకదానిని నమ్ముకొనుట కంటె, చౌకయైన చిన్న డిస్కులను పెక్కింటిని జతగూర్చి, వానికి అదనపు లెక్క యొకటి చేర్చుట మేలని వారు చూపిరి. ఆ కూర్పునకే 'రెయిడ్' అని పేరు.

ఆ అదనపు లెక్క యెట్టిదో చూతము. మూడు పలకలపై 7, 5, 9 అను అంకెలను వ్రాసి, నాలుగవ పలకపై వాని మొత్తము 21 వ్రాసితిమనుకొనుడు. రెండవ పలక పగిలిపోయినది. 21 నుండి 7ను, 9ని తీసివేసిన 5 మిగులును. పగిలిన పలకపై నున్నదేమో తెలిసిపోయినది. యంత్రము కూడికకు బదులు సరిబేసి లెక్క చేయును గాని, కీలకము ఇదియే. అయితే రెండు పలకలు ఒక్కసారి పగిలినచో? అప్పుడు ఏ లెక్కయు తేలదు. మా పెట్టెవంటి నాలుగు డిస్కుల పెట్టె ఒక దెబ్బను ఓర్చును. అదే వరుసలో రెండవ దెబ్బ తగిలినచో ఓర్వలేదు.

మరియొక సంగతి కలదు. డిస్కులపై పాట యొక్కచోట ఉండదు. ముక్కలు ముక్కలుగా ఉండును. ఏ పాట ముక్క ఏ డిస్కులో ఏ గడిలో ఉన్నదో తెలుపు పట్టిక వేరుగా ఉండును. పట్టిక పోయినచో, పుస్తకముల జాబితా పోయిన గ్రంథాలయము వలె, అన్నియు లోపలనే యుండును గాని ఒక్కటియు చిక్కదు. ఈ పట్టికను, ముక్కలను నడుపు ఏర్పాటునకు ఫైలు వ్యవస్థ యని పేరు. మా పెట్టెలో నున్నది జడ్‌ఎఫ్‌ఎస్ అను వ్యవస్థ. సన్ మైక్రోసిస్టమ్స్ అను అమెరికా సంస్థలో జెఫ్ బాన్విక్, మాథ్యూ ఆరెన్స్ మున్నగువారు దీనిని రూపొందించిరి. 2005లో దీని రచన అందరు చూచుటకు వెల్లడియైనది.

దీనియందు మెచ్చదగిన గుణములు రెండు. మొదటిది: ప్రతి ముక్కకును ఒక సరిచూపు సంఖ్యను కట్టి, దానిని ముక్క ప్రక్కన గాక పై పట్టికలో దాచును. చదివినప్పుడెల్ల ఆ సంఖ్యను మరల కట్టి పోల్చి చూచును. కనుక చెడిన ముక్కను మంచిదని చెప్పి మోసగింపదు. రెండవది: పాత పుటపై కొట్టివేసి వ్రాయదు. మార్పు వచ్చినప్పుడు క్రొత్త పుటను ఖాళీ చోట వ్రాసి, అది పూర్తియైన పిదపనే 'ఇక ఇదియే పట్టిక' అని ముద్ర వేయును. ప్రతి ముద్రకును వరుస సంఖ్య ఉండును. పని జరుగుచున్నంతసేపు సుమారు అయిదు సెకనుల కొక ముద్ర పడుచుండును. వెనుకటి ముద్రలు కొన్ని వెంటనే చెరిగిపోక కొంతసేపు నిలిచియుండును. ఈ గుణమే తుదకు మమ్ము కాపాడినది.

2022వ సంవత్సరము జూన్ మాసమున ఒక సాయంకాలము, గ్రంథాలయమున పాటలను ఒక అరనుండి మరియొక అరకు మార్చుచుండగా సమీపమున పిడుగు పడినది. విద్యుత్తు పోయి, వచ్చి, మరల పోయినది. మరునాడు పెట్టె తెరచుకొనలేదు. భాండారము చెడినదను సందేశము మాత్రమే తెరపై కనబడినది. పట్టణమునుండి వచ్చిన మరమ్మతుదారు ఒకడు, డిస్కులను తుడిచి మరల ఏర్పరచినచో పెట్టె చక్కగా పనిచేయునని చెప్పెను. అతడు చెప్పినది అబద్ధము కాదు. పెట్టె పనిచేయును, పాటలుండవు. మరియొకడు, చెడినట్లున్న డిస్కును తీసి క్రొత్తది పెట్టి, వెంటనే పునర్నిర్మాణపు ఆజ్ఞ ఇండనెను.

నేను హైదరాబాదులో ఇట్టి పనియే చేయు నా పూర్వ విద్యార్థి కొకనికి ఫోను చేసి సంగతి చెప్పితిని. అతడు సాంతము విని, "మాస్టారూ, ముందు పెట్టెను ఆర్పించండి. నేను వచ్చువరకు ఎవ్వరును మరమ్మతు చేయకుండ చూడండి. ఇప్పుడు డిస్కుపై పడు ప్రతి క్రొత్త అక్షరము ఒక పాత అక్షరమును చెరిపివేయవచ్చును" అనెను.

"ఎప్పుడు రాగలవు నాయనా?" అని అడిగితిని.

"ఆదివారము వత్తునండి. ఆర్పిన పెట్టెకు తొందర లేదు" అనెను.

అతడు నాలుగు ఖాళీ డిస్కులతో వచ్చెను. పెట్టెలోని డిస్కులను ఊడదీయుచు, వానిపై వరుసగా 1, 2, 3, 4 అని చీటీలు అంటించెను. పిదప వానిని చదువుటకు మాత్రమే వీలుండునట్లు తన యంత్రమునకు తగిలించి, ఒక్కొక్కదానికి అచ్చముగా ప్రతి తీయసాగెను. ఒక్కొక్క డిస్కు పరిమాణము 4 టెరాబైట్లు. సెకనుకు 150 మెగాబైట్ల వంతున చదివినను, ఒక్కదానికి ఏడు గంటలు దాటును. ఒక్క పాటయైనను చేతికి రాకుండగనే రెండు దినములు గడచినవి. చూచువారికి విసుగు పుట్టినది గాని అతడు చలింపలేదు.

మూడవ డిస్కుపై గాయములుండెను. అతడు వాడిన ఉపకరణము పేరు డిడిరెస్క్యూ. దాని తీరు పరీక్ష వ్రాయు తెలివిగల విద్యార్థి తీరు. గాయపడిన చోటు తగిలినప్పుడు అక్కడనే పెనుగులాడక, దానిని గుర్తుపెట్టుకొని దాటిపోయి, సులభముగా వచ్చు భాగములన్నిటిని ముందుగా ప్రతి తీయును. తరువాత తిరిగివచ్చి, మిగిలిన కష్టపు చోట్లను చిన్న చిన్న ముక్కలుగా ప్రయత్నించును. ఏలయన, రోగముగల డిస్కు ఏ క్షణమున పూర్తిగా ఆగిపోవునో తెలియదు. ఆలోపల దక్కగలిగినదంతయు దక్కవలెను. ఎంతవరకు చదివినదో చిట్టా వ్రాసికొనుచుండుటచే, నడుమ ఆగినను మొదటినుండి ఆరంభింప నక్కరలేదు. రెండు సామెతలును ఇచ్చట ఒకదానితో నొకటి చేయి కలిపినవి.

ప్రతులు సిద్ధమైన పిదప అసలు డిస్కులను బీరువాలో పెట్టి తాళము వేసితిమి. ఇక ఏ ప్రయోగము చేసినను ప్రతులపైననే. జడ్‌ఎఫ్‌ఎస్ తన గుర్తింపు చీటీని ప్రతి డిస్కుపైనను నాలుగు చోట్ల, అనగా మొదట రెండు, చివర రెండు, వ్రాసి యుంచును. పట్టిక ముద్రల సంఖ్యలు ఆ చీటీలలోనే ఉండును. అతడు నాలుగు డిస్కుల చీటీలను ప్రక్కప్రక్కన చూపెను. మూడు డిస్కులపై కడపటి సంఖ్య ఒక్కటియే. రెండవ డిస్కు మాత్రము వెనుకబడియుండెను. ఆ డిస్కు 'వ్రాసితిని' అని చెప్పినదే గాని, వ్రాయవలసినది దాని తాత్కాలిక జ్ఞాపకముననే యుండి, విద్యుత్తుతో పాటు ఆరిపోయినది.

కడపటి ముద్రను నమ్మి తెరువబోగా భాండారము తెరచుకొనలేదు. దాని వెనుకటిది, దాని వెనుకటిది యని చూచుచు పోగా, పిడుగునకు ఒక నిమిషము లోపల పడిన ముద్ర యొకటి లెక్కకు సరిపోయినది. చదువుటకు మాత్రమే యను కట్టుబాటుతో అతడు దానిని తెరచెను. పాటల పేర్లు వరుసగా తెరపై దిగినవి. మొదట ఒక తిరుగలి పాటను వినిపించెను. కంఠముతో పాటు రాళ్ల ఒరిపిడియు వినబడినది. ఆ పాడిన అవ్వ గతించి అప్పటికి మూడేండ్లు. ఆమె మనుమడు ఆ గదిలోనే యుండెను. అతడు ఏమియు మాటలాడలేదు.

పేర్లు కనబడినంత మాత్రమున పాటలు దక్కినట్లు కాదు. అన్నిటిని క్రొత్త చోటికి ఎత్తుచు సరిచూపు సంఖ్యలను పోల్చగా, 607 పాటలు చెక్కుచెదరక దక్కినవి. 5 పాటలు చెడినవని వ్యవస్థయే పేర్లతో సహా చెప్పినది. అవి ఆ సాయంకాలము అర మార్చిన పాటలు. రెండవ డిస్కు వ్రాయకపోయిన చోటును, మూడవ డిస్కుపై గాయమైన చోటును అచ్చట ఒకే వరుసలో పడినవి. రెండు పలకలు ఒక్కసారి పగిలినట్లయినది.

ఆ అయిదింటి కొరకు ఇంటింటికి తిరిగితిమి. రెండు పాటలకు పాడినవారి బంధువుల ఫోనులలో ప్రతులు దొరకినవి. అందొకదానికి ఒక ఇంట మొదలు లేదు, మరియొక ఇంట చివర లేదు, రెంటిని కూర్చితిమి. మరి రెండు పాటలను పాడినవారు జీవించియే యుండిరి. వచ్చి మరల పాడిరి. అయిదవ పాటను పాడిన ఆమె గతించెను. ఆ పాటలోని మాటలు నా వ్రాతపుస్తకమున ఉన్నవి. వరుస మాత్రము లేదు.

ఇట్లు ప్రతులను కూర్చు పని తెలుగువారికి క్రొత్త కాదు. సి. పి. బ్రౌన్ (1798-1884) పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు వ్రాతప్రతులను సేకరింపజేసి, పోల్చి పరిష్కరింపజేసెను. ఒక తాటాకును పురుగు తినిన చోట వేరొక తాటాకు సాక్షి యయ్యెను. అయితే ఆ తాటాకులకును మా డిస్కులకును ముఖ్యమైన భేద మొకటి కలదు. ఆ ప్రతులు వేరువేరు ఊళ్లలో, వేరువేరు ఇండ్లలో ఉండెను. ఒక ఇల్లు కాలినను అన్నియు కాలవు. మా నాలుగు డిస్కులును ఒకే పెట్టెలో, ఒకే పిడుగు క్రింద ఉండెను.

అదనపు లెక్క డిస్కు చావునకు మందు. ప్రమాదములన్నిటికి మందు కాదు. జపానులో క్యోటో విశ్వవిద్యాలయపు సూపరు కంప్యూటరునందు 2021 డిసెంబరులో, ప్రతులు తీయు కార్యక్రమమునందలి లోపము వలన సుమారు 77 టెరాబైట్ల సమాచారము చెరిగిపోయినది. అచ్చట డిస్కులు చెడలేదు. చెరుపుమను ఆజ్ఞను అవి చక్కగా నెరవేర్చినవి. ఒకే ఆజ్ఞకు లోబడు డిస్కులు ఎన్ని యున్నను, అవి అన్నియు కలిసి ఒక్క ప్రతియే యగును.

ఇప్పుడు మా పాటలకు మూడు ప్రతులున్నవి. ఒకటి గ్రంథాలయమున, ఒకటి పొరుగూరి పాఠశాలలో, మరియొకటి హైదరాబాదులో. నెలకొకమారు సరిచూపు సంఖ్యలన్నిటిని పోల్చి చూతురు.

బాలబాలికలారా! ఏదియైనను చెడినదని తోచినప్పుడు మీ చేతులను ముందుగా కట్టుకొనుడు. ఉన్నదానికి ప్రతి తీసి, ప్రయత్నమేదైనను ప్రతిపై చేయుడు. అసలును ముట్టకుడు. ఇది కంప్యూటరునకే గాక పెక్కు పనులకు చెల్లు నీతి. మరియు మీ ఇంట మీ అమ్మమ్మ కంఠము ఒక్క ఫోనులోనే యున్నదేమో చూడుడు. ఉన్నచో నేడే మరియొక చోట దానికి ప్రతి తీసి యుంచుడు. ఆ పనికి మాత్రము మొదటి సామెతయే తగును.