సందక్‌ఫూ కొండ మీది ముసలి బండ్లు

మోటారుబండి పదిహేనేళ్ళు దాటితే "ఇంక వదిలించుకోండి" అని ఇరుగుపొరుగువారు సలహా చెబుతారు. ఇరవై దాటితే బంధువులు ఎక్కడానికి జంకుతారు. కాని అరవై ఏళ్ళు దాటిన బండ్లు కొండ ఎక్కి దిగుతూ సంసారాలను పోషించే ఊరు ఒకటి మన దేశంలోనే నేను చూశాను. ఆ ఊరి పేరు మానేభంజాంగ్. పశ్చిమ బెంగాలులో, డార్జిలింగుకు సుమారు 26 కిలోమీటర్ల దూరాన, నేపాలు సరిహద్దును ఒరుసుకొని ఉంటుంది.

2018 నవంబరులో మేము నలుగురం అక్కడికి వెళ్ళాము. అక్కడినుంచి సందక్‌ఫూ శిఖరం 31 కిలోమీటర్లు. దాని ఎత్తు 3,636 మీటర్లు. పశ్చిమ బెంగాలులో అంతకన్న ఎత్తయిన చోటు లేదు. అంటే ఆ కాస్త దూరంలోనే సుమారు 1,600 మీటర్లు పైకి ఎక్కాలన్నమాట. తిరుమల ఘాటు రోడ్డు ఎక్కినవారు దానికి సుమారు రెట్టింపు ఎత్తు ఊహించుకొని, తారు తీసివేసి, దాని స్థానంలో గుండ్రాళ్ళు పరచినట్లు భావించుకుంటే సరిపోతుంది. మేము వెళ్ళేనాటికి దారిలో కొంతమేర సిమెంటు పడింది. మిగిలినదంతా రాళ్ళే.

ఆ రాళ్ళ మీద నడిచేవి లాండ్ రోవర్లు. ఇంగ్లండులో రోవర్ కంపెనీవారు 1948లో ఈ బండిని లోకానికి చూపించారు. యుద్ధం ముగిసిన కొత్త, ఉక్కుకు కరువు. అందుచేత బండి ఒంటికి అల్యూమినియం మిశ్రమలోహపు రేకు వాడారు. ఆనాడు గత్యంతరం లేక చేసిన ఆ పనే, పొగమంచు వదలని ఈ కొండల మీద దానికి ఆయుష్షు పోసింది. ఆ రేకుకు ఇనుములాగా తుప్పు పట్టదు. తేయాకు తోటల దొరలు వెళ్ళిపోతూ అమ్ముకొన్న బండ్లే చేతులు మారి ఇక్కడికి చేరాయని అక్కడివారు చెబుతారు.

రైలు స్టేషను దగ్గర మనుషులనూ పెట్టెలనూ కలిపి ఎక్కించుకొని ఇంటికి చేర్చేది కనుక స్టేషన్ వాగన్‌కు ఆ పేరు వచ్చింది. మేము ఎక్కిన లాండ్ రోవరును కూడా పైకప్పు బిగించి, వెనుక రెండు బల్లలు ఎదురెదురుగా వేసి, స్టేషన్ వాగన్‌గా మార్చుకున్నారు. మాకన్న ముందు బియ్యం బస్తా, గ్యాసు సిలిండరు, ఉల్లిపాయల మూట ఎక్కి కూర్చున్నాయి. మిగిలిన చోటులో మేము సర్దుకున్నాము.

డ్రైవరుకు యాభై ఏళ్ళుంటాయి. బండి ఆయనకన్న పెద్దది. వాళ్ళ నాన్న నడిపిన బండి. అక్కడందరూ పిలిచినట్లు నేనూ ఆయన్ని "దాజూ" అన్నాను. నేపాలీలో అన్నగారని అర్థం. ఆయన నన్ను "మాస్టర్‌జీ" అన్నాడు. మా వచ్చీరాని హిందీలో సంభాషణ సాగింది.

"దీనికి సామాను ఎక్కడ దొరుకుతుంది, దాజూ?"

"ఎక్కడా దొరకదు, మాస్టర్‌జీ. అందుకే ఇంకా నడుస్తోంది."

నాకు అర్థం కాలేదు. టీ దుకాణం దగ్గర ఆగినప్పుడు బండి అడుగుభాగం చూపించి విడమరచి చెప్పాడు. పైరేకుకు తుప్పు లేకపోయినా లోపలి ఛాసిస్ ఉక్కుదే. అది తిన్నచోటల్లా అతుకు వేయాలి. కమాన్ కట్టలు రాళ్ళ దెబ్బకు విరుగుతాయి. లారీ పట్టీలను కోసి కమ్మరి చేత కొట్టిస్తారు. బోల్టులు పాత ఇంగ్లీషు కొలతలవి. ఈనాటి మెట్రిక్ పానాలు వాటికి సరిగా పట్టవు. అందుకని తండ్రి కాలంనాటి పానాలను గుడ్డలో చుట్టి సీటు కింద దాచుకున్నాడు. పాత పెట్రోలు ఇంజను ఏనాడో పోతే మహీంద్రా వారి డీజిలు ఇంజను పెట్టించాడు. మిగిలినది సిలిగురిలో లేతు మిషను మీద చేయించుకోవడమే. కొనుక్కొనే వీలుంటే పాడయిన భాగాన్ని పారవేసి ఊరుకొనేవాళ్ళు. కొనలేరు కనుక ప్రతి భాగమూ ఎందుకు పాడయిందో తెలుసుకోవలసి వచ్చింది.

ఆ కంపెనీని 2008లో మన టాటా మోటార్స్ కొన్నది. ఈ వంశంలో చివరిదైన పాత డిఫెండరు తయారీ 2016 జనవరిలో ఆగిపోయింది. ఆ సంగతి చెబితే ఆయన తల ఊపి, ఇరుసు కొసల మీద ఒక్కొక్కచోటా అరచెయ్యి ఆనించి చూశాడు. జ్వరం ఉందేమోనని తల్లి బిడ్డ నుదురు తాకినట్లుంది. "వేడి లేదు, పదండి" అన్నాడు.

ఇంజను మారింది, కట్టలు మారాయి, కప్పు మారింది. మరి ఇది ఆ బండేనా అని మా అమ్మాయి అడిగింది. మన ఊళ్ళలో దేవుడి రథానికి చక్రాలు మారుస్తారు, దూలాలు మారుస్తారు. అయినా ఏటేటా లాగేది అదే రథమని అందరమూ అంటాము. లాగే మనుషులూ తిరిగే వీధులూ అవే కనుక ఆ మాట చెల్లుతుంది. ఈ బండీ అంతేనని చెప్పాను.

కాని వీధే మారిపోతే? గైరీబాస్ దాటాక డ్రైవరు తనంతట తానే ఆ మాట ఎత్తాడు. సిమెంటు రోడ్డు ఏటా కొంచెం పైకి పాకుతున్నది. అది పూర్తయిన రోజున బొలేరోలు హాయిగా వస్తాయి. మెత్తని సీట్లు వదులుకొని ఈ బల్లల మీద కూర్చొనేదెవరు?

"అయితే రోడ్డు రాకూడదని కోరుకుంటావా?" అన్నాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. మలుపు తిప్పి, చిన్న గేరులో బండిని నిలదొక్కుకోనిచ్చి అన్నాడు: "ఒకసారి రాత్రి నొప్పులు పడుతున్న పిల్లను ఈ బల్ల మీదే పడుకోబెట్టి కిందికి దింపాను. నాలుగు గంటలు పట్టింది. ప్రతి రాయికీ ఆమె అరిచింది. తల్లీబిడ్డా బతికారు. ఆ రాత్రంతా నేను రోడ్డు కావాలనే మొక్కుకున్నాను, మాస్టర్‌జీ. తెల్లవారాక బండి కడుగుతూ, రోడ్డొస్తే నా పిల్లలేం తింటారా అనుకున్నాను."

ఆ తరువాత చాలా దూరం మేమెవ్వరమూ మాట్లాడలేదు.

మర్నాడు తెల్లవారుజామున సందక్‌ఫూ మీద నిలబడితే, లోకంలో అన్నిటికన్న ఎత్తయిన అయిదు శిఖరాలలో నాలుగు, అంటే ఎవరెస్టు, కాంచనగంగ, లోత్సే, మకాలు, ఎర్రబారుతూ కనిపించాయి. కాంచనగంగ వరుస బుద్ధుడు పడుకొని ఉన్నట్లే ఉంటుంది. వర్ణించడానికి నా దగ్గర ఉన్న మాటలు చాలవు. చలికి నోరూ తిరగలేదు. మా వెనుక డ్రైవరు బానెట్టు ఎత్తి వేడినీళ్ళు పోస్తున్నాడు. ఆ దృశ్యం ఆయన ఎన్నిసార్లు చూశాడో!

దిగేటప్పుడు ఇంకొక మాట అడిగాను. పాత బండ్లను ముచ్చటపడి కొనే పట్నం షావుకార్లు ఉన్నారు కదా, అమ్మరాదా అని.

"అడిగారు. కొని, కడిగి, రంగు వేసి షెడ్డులో నిలబెడతారట. నిలబెడితే ఇది మూలబడుతుంది. రోడ్డు వచ్చినా దీనికి పని ఉంటుంది లెండి. పక్క పల్లెలకు రోడ్డు లేదుగా. బంగాళాదుంపలు మోస్తుంది."

సందక్‌ఫూ వెళ్ళదలచినవారికి అక్టోబరు, నవంబరు నెలలు మంచివి. వానాకాలంలో సింగలీలా నేషనల్ పార్కు మూసివేస్తారు. ఉన్నిబట్టలు దండిగా ఉండాలి. మానేభంజాంగ్‌లో ముసలి లాండ్ రోవరు కనబడితే దానిలోనే ఎక్కండి. నడుము నొప్పి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మీరిచ్చే కిరాయి మాత్రం ఒక కమాన్ కట్టగా మారి ఆ బండిని ఇంకో ఏడాది నడిపిస్తుంది.