పాతయంత్రము – పుటల రాకపోకలు

తెనాలియందు మేము వాడుచున్న పాత కంప్యూటరునకు ర్యాము 2 జీబీ మాత్రమే. అది నిండినపుడు లినక్సు కొన్ని పుటలను డిస్కునకంపి, కావలసినపుడు మరల తెచ్చుకొనును, ఇదియే స్వాపు. 1962 నాటి మాంచెస్టరు అట్లాసు యంత్రమును డ్రమ్ముతో నిట్లే చేసెను. ర్యామును చేరుటకు నానోసెకండ్లు చాలును. తిరుగుడు డిస్కునకో మిల్లీసెకండ్లు పట్టును. ఉప్పున కొకమారు, పప్పున కొకమారు బజారునకు పరుగెత్తు వంటవాని కూర యెన్నడుడుకును? అందుచే జెడ్‌ర్యామును నెలకొల్పితిమి. 2014లో లినక్సు 3.14 కెర్నెలున స్థిరపడిన యీ యుపాయము పుటలను కుదించి ర్యామునందే దాచును. ప్రాసెసరునకు కొంత శ్రమయే కాని, డిస్కు ప్రయాణముకంటె నది స్వల్పము. స్వాపును బొత్తిగా తీసివేయుడను కొందఱి సలహా మాకు రుచింపదు. చోటు చాలనిచో కెర్నెలు ఏదో యొక ప్రోగ్రామును చంపును. అందొక బాలుడు భద్రపఱచుకొనని వ్యాసముండవచ్చును గదా!