కాలువగట్టు చేమాకు

జొన్నాడ దగ్గర గౌతమి వంతెన దాటి రావులపాలెంలో దిగితే, ఇక చూసినంతమేరా కాలువలే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర పుణ్యమా అని కోనసీమలో నీటికి కరువు లేదు. నీళ్లున్నచోట చేమలకూ లేదు.

శ్రావణమాసంలో మా మేనత్తను చూడబోయాం. దారిలో గట్టుమీద, ఎవరూ నాటకుండానే మొలిచిన చేమలు! ఆకుమీద వానచుక్కలు ముత్యాల్లా దొర్లుతున్నాయి. ఊరికే వచ్చిన కూర వదలడమెందుకని ఒడినిండా కోశాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది.

అత్తయ్య అరుగుమీద ఆకులు పరిచి, సగం అవతల పారేసింది.

"ఇవి కూరాకులు కావురా. చేమాకుకు కాడ ఆకు లోపల అతుక్కుంటుంది. ఆకు మొన కిందికి వాలుతుంది. ఇదిగో, ఇవి నిగనిగలాడుతూ మొన పైకెత్తుకుని నిలబడ్డాయి చూడు. వీటి జోలికి పోకూడదు."

పట్నంలో కుండీల్లో సోకుగా పెంచే ఏనుగుచెవి మొక్క చుట్టాలన్నమాట అవి!

అసలు చేమాకులోనూ సూదుల్లాంటి ఆక్సలేటు స్ఫటికాలుంటాయి. పచ్చిగా తింటే నోరూ గొంతూ పొడిచినట్టుంటుంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు దీనికి దూరంగా ఉండడమే మేలు. అత్తయ్యకు స్ఫటికాల సంగతి తెలియదు గాని చేతులకు నూనె రాసుకుంది. విచ్చీ విచ్చని లేతాకులు ఏరి, ఈనెలు తీసి, తరిగి, ఉడికించి నీళ్లు వార్చింది. మళ్లీ చింతపండు పులుసులో శనగపప్పుతో పొయ్యిమీద పెట్టి, మడి బట్ట ఆరేయడానికి పెరట్లోకి వెళ్లింది.

తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానంలో చేమకూర వేంకటకవి కావ్యం విని, చేమకూర మంచి పాకాన పడిందన్నారట. నేను ఆ పాకం పడేదాకా ఆగలేదు. గరిటెడు తీసి నోట్లో వేసుకున్నాను. రెండో గరిటె ఊదుతూ మా ఎనిమిదేళ్ల అమ్మాయి నోటిదాకా తీసుకెళ్లాను.

ఇంతలో నా గొంతులో వంద పల్లేరుకాయలు గుచ్చుకున్నాయి. చేతిలో గరిటె జారి నేలను పడింది. మాట పెగల్లేదు. పిల్ల నా మొహం చూసి కెవ్వుమంది. అత్తయ్య పరుగున వచ్చి, "దానికీ పెట్టావుట్రా?" అంది. లేదని తల ఊపేదాకా ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ తరువాతే నాకు గడ్డపెరుగు అందింది, దానితోపాటు చీవాట్లూను.

పులుసు మరో అరగంట ఉడికింది. బెల్లంముక్క, ఇంగువ పోపు పడ్డాయి. ముందు అత్తయ్య ఒక ముద్ద తిని, గోడగడియారం వంక చూస్తూ పావుగంట కూచుంది. అప్పుడుగాని పిల్లకు వడ్డించలేదు. అది రెండుసార్లు అడిగి వేయించుకుంది.

నాకు మాత్రం ఆ పూట పెరుగన్నమే!