తొంభై మూడేళ్ల తాత రాసిన స్పెల్లింగ్ పుస్తకం

పోయిన సంచికకి నేను పంపిన కథ ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. హీరోయిన్ 'కల్లు' చూసి హీరో మైమరచిపోయాడని రాశాను మరి! ఎడిటర్ అక్క నవ్వి ఊరుకుంది కానీ నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. చదివింది ఇంగ్లీష్ మీడియం. ఫోన్‌లో తెలుగు కూడా ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొడతాను, అందులో కళ్లూ కల్లూ ఒకటే. ఇక తెలుగులో రాయకూడదు అనేసుకున్నా.

ఆ మూడ్‌లో ఉన్నప్పుడే రోమ్ చరిత్ర చదువుతూ కాసియొడోరస్ గురించి తెలుసుకున్నాను. ఇటలీలో 485 ప్రాంతంలో పుట్టాడు. గోతుల రాజు థియోడరిక్ కొలువులో పెద్ద పదవులు చేశాడు. పదవుల్లో ఉండగా ఈయన రాసిన ఉత్తరాలే 'వేరియే' అనే పన్నెండు భాగాల పుస్తకమయ్యాయి. పోప్ అగాపెటస్‌తో కలిసి రోమ్‌లో ఒక విద్యాలయం పెడదామనుకుంటే యుద్ధం వచ్చి ఆగిపోయింది.

ఆయన మాత్రం ఆగలేదు. దక్షిణ ఇటలీలో సొంత ఊరు స్క్విలాచే దగ్గర, తన భూమిలోనే ఒక మఠం కట్టించాడు. అక్కడి చేపల చెరువుల వల్ల దాని పేరు వివేరియం. సన్యాసులకు ముఖ్యమైన పనుల్లో ఒకటి పుస్తకాలు చేత్తో కాపీ చేయడం. రాత్రి చదువుకి దీపాలు, టైమ్ తెలియడానికి ఎండ గడియారం, నీటి గడియారం ఏర్పాటు చేశాడు. ఏ పుస్తకాలు చదవాలో చెబుతూ 'ఇన్‌స్టిట్యూషనెస్' రాశాడు.

కానీ వాళ్లకి స్పెల్లింగ్ రాదు! అప్పటికే జనం నోట్లో లాటిన్ బ, వ కలిసిపోతున్నాయి. 'బిబిట్' అంటే తాగుతాడు, 'వివిట్' అంటే బతుకుతాడు. ఒక్క అక్షరం మారితే అర్థమే మారిపోతుంది. కాపీలో ఒక తప్పు పడితే, దాన్ని చూసి రాసే ప్రతి కాపీలోకీ ఆ బగ్ వెళ్తుంది.

సన్యాసులు ఆయన్నే అడిగారు: పెద్దలు ఏం చెప్పారో తెలిసినా, దాన్ని సరిగ్గా రాయడం రాకపోతే ఏం లాభం అని. అప్పుడాయన వయసు 93. పాత వ్యాకరణవేత్తల పుస్తకాల్లోంచి కావలసినవి ఏరి 'డె ఆర్థోగ్రాఫియా' రాసిచ్చాడు. బ, వ గొడవకే అందులో చాలా చోటిచ్చాడు.

నన్ను ఆపింది ఆయన వయసు కాదు, ఆ సన్యాసుల ప్రశ్న. రాదని ఒప్పుకుని అడిగారు. నేను రాదని మానేద్దామనుకున్నాను.

ఈ వ్యాసం పంపే ముందు అక్కకి ఫోన్ చేసి నాలుగు పదాలు అడిగాను. 'కళ్లు' మాత్రం అడగలేదు. అది వచ్చేసింది.