పెన్సిలు గీతలో పట్టిన లోతు

కుప్పము నుండి బంగారపేట చేరి, అక్కడ మారికుప్పము వెళ్ళే బండి ఎక్కాము. ఛాంపియన్ స్టేషనులో దిగగానే మా నాయన మాటలు తగ్గించేశారు. కోలారు బంగారు గనులలో ఆయన ముప్పది ఏండ్లు పనిచేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. షాఫ్టు మీది ఇనుప గోపురమును, బూడిదరంగు సైనైడు దిబ్బలను దూరమునుండే చూశాము.

ఛాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతు. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. పైనుండి చల్లని గాలి పంపినా చొక్కా పిండితే నీరు కారేదట. ఒక్కొక్కప్పుడు ఒత్తిడికి రాయి ఫిరంగివలె పేలేది. పైన ఇళ్ళలో గిన్నెలు దొర్లేవి. ఆ చప్పుడు వినగానే ఆడవారు గని గేటువద్దకు పరుగెత్తేవారు.

తిరుగు బండికోసం కూర్చున్నప్పుడు మా అమ్మాయి తన సైన్సు పుస్తకము తెరచి, "తాతా, నువ్వు దిగింది ఈ బొమ్మలో ఎక్కడ?" అని అడిగింది.

మేము లెక్క వేసి చూపించాము. భూమి నడిబొడ్డుకు 6,371 కిలోమీటర్లు. మనము నిలుచున్న భూపటలము ఖండాల క్రింద సుమారు 35 కిలోమీటర్లే, మామిడిపండు తొక్కకన్న పలుచన. దాని క్రింద 2,900 కిలోమీటర్ల వరకు వేడి రాతి ప్రావారము, ఆపైన కరిగిన ఇనుము. అక్కడికి ఎవరూ వెళ్ళలేదు. భూకంపాల అలలే ఆ కబురు తెచ్చాయి. వాటిలో ఒక రకము ద్రవములో సాగదు. అవి అవతలివైపు చేరకపోవడముచేత లోపల కరిగియున్నదని తెలిసింది. ఆ ద్రవము నడుమ మరొక గుండు ఉన్నదని డెన్మార్కుకు చెందిన ఇంగె లేమాన్ అనే ఆమె 1936లో కనిపెట్టారు. 5,000 డిగ్రీల వేడిలోనూ ఒత్తిడివలన అది గట్టిగానే ఉన్నది.

"అయితే తాత గని?"

బొమ్మ అంచున గీసిన పెన్సిలు గీత మందములోనే గని అంతా ఇమిడిపోతుంది. ఆ మాట అనకుండా ఉండవలసినదేమో అనిపించింది. నాయన పుస్తకము తీసుకొని ఆ గీతమీద వేలు పెట్టారు.

"ఈ గీతలోనే మీ చిన్నతాత ఉండిపోయాడు పాపా. రాయి పేలిన రోజు వాడిది రాత్రి షిఫ్టు. నాది పగలు."

తమ్ముని గూర్చి ఆయన మాకెన్నడూ చెప్పలేదు. బండి వచ్చేవరకు చెబుతూనే ఉన్నారు.