ఆర్లింగ్టన్‌లో మూడో బోల్టు

టెక్సస్‌లో డాలస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ మధ్యలో ఆర్లింగ్టన్ అనే ఊరుంది. జనాభా నాలుగు లక్షలకు కొంచెం అటూ ఇటూ. 80 వేల మంది కూర్చుని మ్యాచ్ చూసే ఏటీ అండ్ టీ స్టేడియం ఇక్కడే ఉంది. రోలర్ కోస్టర్లకు పేరు మోసిన సిక్స్ ఫ్లాగ్స్ వాళ్ల మొదటి పార్కు 1961లో తెరిచింది ఇక్కడే. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1954 నుంచి ఇక్కడ బండ్లు తయారు చేస్తోంది. హాలీవుడ్ సినిమాల్లో నల్లగా, పొడుగ్గా కనిపించే ఎస్కలేడ్‌లు, సబర్బన్‌లు బయటికొచ్చేది ఈ ఊరి గేటులోంచే.

ఇన్ని ఉన్న ఊళ్లో లేనిది సిటీ బస్సు. రూట్ నంబరు వేసుకుని, స్టాపుల్లో ఆగుతూ వెళ్లే మామూలు బస్సులు లేని అమెరికా నగరాల్లో ఇదే పెద్దదని చెబుతారు. 2017 చివర్లో వయా అనే వ్యాన్ సర్వీసు పెట్టారు. యాప్‌లో బుక్ చేస్తే మన షేర్ ఆటోలాగా దారిలో ఇంకో ఇద్దర్ని ఎక్కించుకుని వస్తుంది. ఊళ్లో తిరగడానికి పర్లేదు. ఊరు దాటాలంటే మాత్రం సొంత కారుండాల్సిందే.

యూటీఏలో చదివే మన తెలుగు పిల్లలకు ఈ సంగతి దిగిన మొదటి వారంలోనే అర్థమైపోతుంది. మా బాబాయ్ కొడుక్కీ అలాగే అర్థమైంది. ముగ్గురు రూమ్మేట్ల దగ్గర కొంత, సేవింగ్స్‌లో కొంత కలిపి 2,400 డాలర్లకు ఒక పాత జపాన్ సెడాన్ కొన్నాడు. 1998 మోడల్, 1.6 లీటర్ ఇంజిన్, మాన్యువల్ గేర్. ఏడాదిన్నర బాగానే తిరిగింది. మే నెలలో ఒక సాయంత్రం ఐ-20 హైవే మీద టైమింగ్ బెల్టు తెగింది. ఆ రకం ఇంజిన్లో బెల్టు తెగితే పిస్టన్లు పైకొచ్చి వాల్వులను గుద్దేస్తాయి. షాపులో చూపిస్తే, ఇంజిన్ మార్చడానికి చెప్పిన రేటు కారు కొన్న ధర కంటే ఎక్కువ. ఇక్కడ లేబర్ గంటకు వంద డాలర్లు దాటుతుంది, పని రెండు రోజులది. వాళ్ల లెక్క వాళ్లది.

మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ తర్వాత మంగళవారం నుంచి వాడికి ఇంటర్న్‌షిప్. ఆఫీసు ఫోర్ట్‌వర్త్‌కి ఉత్తరాన, ముప్పై మైళ్ల దూరంలో. రోజూ క్యాబ్‌లో వెళ్లొస్తే జీతంలో సగం దానికే పోతుంది. "అన్నా, బావ గ్యారేజ్‌లో మనమే మార్చేద్దామా?" అని ఫోన్ చేశాడు. శుక్రవారం రాత్రి ఆస్టిన్ నుంచి బయల్దేరాను. మూడు గంటల దారి.

తుక్కు యార్డులో ఎంచుకోవడం

ఆర్లింగ్టన్‌ని నిజంగా చూడాలంటే స్టేడియం టూర్ కంటే డివిజన్ స్ట్రీట్‌లో ఒక రౌండ్ వేయడం మేలు. ఒకప్పుడు ఇది యూఎస్ 80 హైవే. ఇప్పుడు రోడ్డు పొడుగునా సెకండ్‌హ్యాండ్ కార్ల స్థలాలు, టైర్ల షాపులు, చిన్న చిన్న మెకానిక్ షెడ్లు. చాలా బోర్డులు స్పానిష్‌లో ఉంటాయి. విజయవాడలో పుట్టి పెరిగినవాడికి ఆటోనగర్ వాసన ఇక్కడే తగులుతుంది.

శనివారం పొద్దున్నే తుక్కు కార్ల యార్డుకి వెళ్లాం. ఇక్కడి యార్డుల్లో పద్ధతి చూడాల్సిందే. గేటు దగ్గర రెండు డాలర్లు కట్టి, మన పానాల పెట్టె మనమే మోసుకెళ్లాలి. లోపల వందల కార్లు వరసగా, పాత చక్రాల రిమ్ములు వెల్డింగ్ చేసిన స్టాండ్ల మీద నిలబెట్టి ఉంటాయి. కావాల్సిన పార్టు మనమే విప్పుకోవాలి. ఏ పార్టు ఎంతో బోర్డు మీద రాసి ఉంటుంది, బేరం లేదు. ఇంజిన్ ఎత్తడానికి చక్రాల మీద దొర్లే ఇనప ఫ్రేము, దానికి వేలాడే చైన్ బ్లాకు ఇస్తారు. పాత ఇంజిన్ తెచ్చి వాళ్లకు అప్పగిస్తే డిపాజిట్ వెనక్కి వస్తుంది.

మంచి ఇంజిన్ని ఎంచుకోవడంలో చిన్న లాజిక్ ఉంది. వెనక నుంచి గుద్దుడు తిన్న కారు వెతకాలి. ముందు భాగం బాగుందంటే, యాక్సిడెంట్ రోజు దాకా అది రోడ్డు మీద తిరిగిన బండే అని అర్థం. ఆయిల్ మూత తీసి లోపల బురదలాంటి మడ్డి ఉందేమో చూడాలి. క్రాంక్ బోల్టుకి పానా పెట్టి తిప్పితే ఇంజిన్ పట్టేయకుండా తిరగాలి. మాకు మూడో వరసలో, డిక్కీ నుజ్జయిన అదే మోడల్ కారు దొరికింది. ఎండలో ఐదు గంటలు పట్టింది. మధ్యాహ్నం పయనీర్ పార్క్‌వేలో వియత్నామీస్ హోటల్లో నూడుల్స్ సూప్ తింటుంటే ముగ్గురి చేతులూ నల్లగానే ఉన్నాయి. సర్వర్ అమ్మాయి ఏమీ అనలేదు. ఆ ఊళ్లో ఇది మామూలే.

అమెరికా ఇంటికి వరండా గ్యారేజే

అపార్ట్‌మెంట్ లీజుల్లో చాలావాటిలో పార్కింగ్‌లో కారు రిపేరు చేయకూడదని రాసి ఉంటుంది. అందుకే సొంత గ్యారేజ్ ఉన్న ఇల్లు కావాలి. మా పెదనాన్న కూతురు, బావ ఉండే ఇంట్లో రెండు కార్లు పట్టే గ్యారేజ్ ఉంది. అక్క రెండు షరతులు పెట్టింది. డ్రైవ్‌వే మీద ఒక్క చుక్క ఆయిల్ పడకూడదు. భోజనానికి పిలిస్తే రెండోసారి పిలిపించుకోకూడదు.

మేం ఇంజనీరింగ్ చదివేటప్పుడు గ్యారేజ్ అంటే కంపెనీలు పుట్టే చోటు. హ్యూలెట్, ప్యాకార్డ్ ఇద్దరూ పాలో ఆల్టోలో గ్యారేజ్‌లో మొదలుపెట్టి 1939లో కంపెనీ పెట్టారని పవర్‌పాయింట్‌లో చూపించేవారు. మామూలు కాలనీలో గ్యారేజ్ చేసే పని వేరు. ఆ తలుపు పైకెత్తితే మన వీధి అరుగులా అయిపోతుంది. మూసిన ముందు తలుపు దగ్గరికి ఎవరూ రారు. తెరిచిన గ్యారేజ్ దగ్గరికి మాత్రం కుక్కను తిప్పేవాళ్లు, సైకిల్ తొక్కే పిల్లలు, పక్కింటి వాళ్లు అందరూ వచ్చి "ఏం చేస్తున్నారు?" అంటారు. బావ ఆ ఇంట్లో నాలుగేళ్లుగా ఉంటున్నారు. పక్కింటి పెద్దాయనతో పది నిమిషాలు నిలబడి మాట్లాడింది ఆ ఆదివారమే. ఆయన ముప్పై ఏళ్లు విమానాల మెకానిక్‌గా చేసి రిటైరయ్యారట.

ఇంజిన్ ఎందుకు కూర్చోదు?

ఇంజిన్ కారులో నేరుగా ఇనుముకి ఇనుము బిగించి ఉండదు. మధ్యలో మౌంటింగులు ఉంటాయి. లోపలొక ఇనప గొట్టం, బయటొక ఇనప చట్రం, రెంటి మధ్య అతికించిన రబ్బరు. ఇంజిన్ ఊగుడు మన సీటు దాకా రాకుండా ఆ రబ్బరు మింగేస్తుంది. ఈ కారులో ముఖ్యమైనవి మూడు. టైమింగ్ బెల్టు వైపు ఒకటి, గేర్‌బాక్స్ వైపు ఒకటి, వెనక ఒకటి.

ఆదివారం పొద్దున కొత్త బెల్టు, వాటర్ పంపు, క్లచ్ వేసి, గేర్‌బాక్స్ తగిలించి, అద్దె హోయిస్ట్‌తో ఇంజిన్ని ఎత్తాం. ఈ హోయిస్ట్ మీద '2 టన్నులు' అని రాసి ఉంటుంది కానీ అది చెయ్యి పొట్టిగా ఉన్నప్పటి మాట. చెయ్యి పూర్తిగా బయటికి లాగితే అర టన్నే. మాది గేర్‌బాక్స్‌తో కలిపి దాదాపు 150 కిలోలు కాబట్టి ఇబ్బంది లేదు. అయినా వేలాడే ఇంజిన్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దని బావ ముందే గట్టిగా చెప్పారు.

గేర్‌బాక్స్ వైపు బోల్టు ఎక్కింది. బెల్టు వైపు బోల్టు కూడా ఎక్కింది. తమ్ముడు ఆ ఆనందంలో రెంటినీ గట్టిగా బిగించేశాడు. వెనకది మాత్రం ఎక్కలేదు. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య సుమారు సెంటీమీటరు తేడా. గునపం పెట్టి నెట్టాం, కదల్లేదు. కింద జాకీ పెట్టి లేపాం, కారు లేచింది కానీ రంధ్రం కలవలేదు. అలా రెండు గంటలు గడిచాయి. గ్యారేజ్‌లో ఉక్కపోత. తమ్ముడి ముఖంలో మంగళవారం కనిపిస్తోంది.

"సుత్తితో రెండు దెబ్బలేస్తే దిగదా బావా?" అన్నాడు.

"దిగుతుంది. తర్వాత మళ్లీ రాదు," అన్నారు బావ.

అప్పుడే పెద్దాయన వచ్చారు. రంధ్రంలోకి టార్చి వేసి చూశారు. వెనక బోల్టుని అసలు ముట్టుకోలేదు. మిగతా రెండూ వదులు చేయమన్నారు. ఆయన చెప్పిన మాట తెలుగులో చెప్పాలంటే ఇంతే: కలవని రంధ్రం దగ్గర తప్పుండదు, ముందే బిగుసుకున్న చోట ఉంటుంది.

ఆలోచిస్తే సింపులే. రెండు కొసలూ బిగిస్తే ఇంజిన్ ఆ రెండు బిందువుల మధ్య ఇరుసులా అయిపోతుంది. ముందుకీ వెనక్కీ తిరగాలి తప్ప పక్కకు జరగడానికి దానికి దారి లేదు. రెండూ వదులు చేశాక సెంటీమీటరు తేడా నాలుగు మిల్లీమీటర్లకు వచ్చింది. మిగిలిన నాలుగు మిల్లీమీటర్ల సంగతి బెల్టు వైపు మౌంటింగ్‌లో దొరికింది. ఏళ్ల తరబడి ఆయిల్ కారి రబ్బరు మెత్తబడి, మధ్య గొట్టం కిందికి దిగిపోయింది. ఆ మూల ఇంజిన్ ఎప్పుడూ కొంచెం కుంగే ఉంటోందన్నమాట. పార్టుల షాపు ఆదివారం రాత్రి దాకా తెరిచే ఉంటుంది. కొత్తది తెచ్చి పాతదాని పక్కన పెడితే తేడా కంటికే తెలిసింది.

తర్వాత పని నెమ్మదిగా, వరసగా సాగింది. హోయిస్ట్‌కి తగిలించిన లెవెలర్ హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ ఒక పక్కకి వాలుతుంది. గేర్‌బాక్స్ కింద జాకీ, జాకీకీ గేర్‌బాక్స్‌కీ మధ్య చెక్క ముక్క. ఆయిల్ పాన్ కింద మాత్రం జాకీ పెట్టకూడదు, రేకు సొట్టపోతుంది. పెద్దాయన ఇంటికెళ్లి, కొస సన్నగా చెక్కినట్టున్న ఒక ఉక్కు కడ్డీ తెచ్చారు. దాన్ని రంధ్రంలో పెట్టి కదిపితే రెండు రంధ్రాలూ ఒక వరసలోకి వస్తాయి. కలిశాయో లేదో తెలుసుకోవడానికి తమ్ముడు వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు. 150 కిలోలు అర సెంటీమీటరు జారితే వేలు తెగిపోతుంది. చూడటానికి టార్చి ఉంది, తడమడానికి కడ్డీ ఉంది.

కడ్డీ తీసి బోల్టు పెడితే మొదటి నాలుగు మరలు వేళ్లతోనే తిరిగాయి. అదే అసలు పరీక్ష. వేళ్లతో తిరగని బోల్టుకి పానా పెడితే మర అడ్డంగా కోసుకుపోతుంది. ఆ తర్వాత హోయిస్ట్ దించి, బరువంతా మౌంటింగుల మీద పడ్డాక, ఇంజిన్ని రెండుసార్లు అటూ ఇటూ ఊపి, మాన్యువల్‌లో చెప్పిన వరసలో, చెప్పిన టార్క్‌తో బిగించాం. ఇంజిన్ గాల్లో ఉండగా బిగించేస్తే రబ్బరు మెలిక పడే ఉండిపోతుంది. ఆ మెలికే తర్వాత సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా స్టీరింగ్‌లో వణుకై వస్తుంది, రబ్బరు కూడా తొందరగా చిరిగిపోతుంది.

చెక్ చేసేవాళ్లు లేని చోట

కాలిఫోర్నియాలో వేరే రకం ఇంజిన్ మారిస్తే ప్రభుత్వ రిఫరీ దగ్గరికి తీసుకెళ్లాలి. పొగ కంట్రోల్ సామాన్లన్నీ ఉన్నాయని చూసి స్టిక్కర్ వేస్తారు. టెక్సస్‌లో అంత లేదు. సొంత కార్లకు ఏటా జరిగే సేఫ్టీ తనిఖీని 2025 జనవరి 1 నుంచి తీసేశారు. పొగ పరీక్ష కొన్ని కౌంటీల్లో ఉంది, ఆర్లింగ్టన్ ఉన్న టారెంట్ కౌంటీలోనూ ఉంది. అది కూడా 24 ఏళ్లు దాటిన బండికి అక్కర్లేదు. అంటే తమ్ముడి కారులో ఆ మూడు బోల్టులు ఎలా ఉన్నాయో ఏ ఆఫీసరూ చూడడు. గంటకు డెబ్బై మైళ్లతో వెళ్లే కారు కింద ఏముందో తెలిసింది మా నలుగురికే.

స్వేచ్ఛ అంటే నాకు ఆ రాత్రి కొంచెం భయంగానే అనిపించింది. ఆటోనగర్‌లో అయితే ఇలాంటి ఇంజిన్లు వందలు దించి ఎక్కించిన మేస్త్రి చెయ్యి ఉంటుంది. తప్పు జరిగితే పిలిచి అడగొచ్చు. ఇక్కడ మేస్త్రి మనమే. అందుకే సోమవారం సెలవు రోజంతా మళ్లీ తనిఖీకే పెట్టాం. ఒకరు బిగించిన బోల్టుని ఇంకొకరు టార్క్ రెంచ్‌తో చూసి, తెల్ల పెయింట్ పెన్నుతో గీత పెట్టారు. విమానాల దగ్గర ఇలాగే గీత పెడతామని పెద్దాయన చెప్పారు. బోల్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. మా ఆఫీసులో నా కోడ్‌ని ఇంకొకరు చూడకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్లనివ్వరు. అక్కడ పోయేది ఒక పేజీ, మహా అయితే ఒక రాత్రి నిద్ర. ఇక్కడ లెక్క వేరు.

సోమవారం సాయంత్రం స్టార్ట్ చేశాం. రెండో తిప్పుకి అందుకుంది. డ్యాష్‌బోర్డు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి చూశారు పెద్దాయన. నీళ్లలో చిన్న అల, అంతే. కాలనీలో నాలుగు రౌండ్లు, తర్వాత కూపర్ స్ట్రీట్ మీదుగా యూనివర్సిటీ దాకా, ఆపైన ఐ-20 మీద రెండు ఎగ్జిట్లు. తిరిగొచ్చి గీతలు చూస్తే అన్నీ నిటారుగా ఉన్నాయి.

మంగళవారం పొద్దున ఆరున్నరకి వాడు బయల్దేరాడు. నేను ఆస్టిన్ దారి పట్టాను. 500 మైళ్లు తిరిగాక బోల్టులు మళ్లీ ఒకసారి చూడాలని పెద్దాయన చెప్పారు. రెండు వారాలకు వీడియో కాల్‌లో తమ్ముడు కారు కింద పడుకుని ఒక్కో గీత మీద టార్చి వేసి చూపించాడు. వెనక, పెద్దాయన బూట్లు కనిపించాయి. "వేలు తియ్" అనే మాట తెలుగులోనే వినిపించింది. బావ నేర్పారట.