తేజాబు తొట్టికి చలి

మా చిన్నోడు సాంచాల మీదికి రానన్నడు. ముప్పై ఏండ్లు నేను కండెలు మార్చింది చాలనుకొని నేనూ బలవంతపెట్టలేదు. ఊరి బయట అల్యూమినియం సామాన్లకు పొర కట్టి రంగెక్కించే కార్ఖానాలో చేరిండు. ఆ పనిని అనోడైజింగ్ అంటరు.

రెండేండ్ల కింద, మే నెలలో, వాడు టిఫిన్ డబ్బా మర్చిపోతే ఇయ్యపోయిన. రేకుల కింద నిలబడితేనే చెమట కారుతున్నది. వాడు తేజాబు తొట్టి చూపించిండు. "బాపూ, ఇందులో సల్ఫ్యూరిక్ యాసిడ్, నీళ్లు. అల్యూమినియం వేలాడదీసి కరెంటు పెడితే పైన గట్టి పొర కడతది. కరెంటుకు తొట్టి వేడెక్కుతది. 20 డిగ్రీల దగ్గర ఆపాలె. ఇంకా గట్టి పొర కావాలంటే సున్న దగ్గరికి దించాలె."

ఆ దించేది చిల్లర్. ఫ్రిజ్‌కు పెద్దన్న అనుకోండి. అది చల్లబరిచిన నీళ్లు తొట్టిలోని గొట్టాల చుట్టలో తిరిగి, వేడిని మోసుకొచ్చి బయట పారబోస్తయి. నాలుగడుగుల అవతల ఇంకో తొట్టిలో నీళ్లు సలసల మరుగుతున్నయి, పొరలోని సన్న రంధ్రాలు మూయడానికట.

నాకు మన సాంచాలు గుర్తొచ్చినయి. ఎండాకాలం నేల మీద నీళ్లు చల్లుతం కదా. పోగులు తెగుతయని చల్లుతం, మనకు చెమట పోస్తదని కాదు.

పోయిన ఎండాకాలం ఆ చిల్లర్ ఆగిపోయింది. గాలి పోయే జాలి నిండా దూది దుమ్ము. భీవండి గాలి సంగతి మీకు చెప్పాల్నా! తొట్టి 30 దాటింది. ఆపుదామని మావాడన్నడు. "అర్జెంటు మాల్, నడువనీ" అన్నడు సేఠ్. తేజాబు వేడెక్కితే కట్టిన పొరను కట్టినట్టే కరిగిస్తది. ఆ సామాన్లు ముట్టుకుంటే వేలికి సుద్దలెక్క అంటింది. మాల్ వాపసు. కాస్టిక్ సోడాలో ఆ పొర తీసి మళ్లీ చేయొచ్చు గానీ, తీసినప్పుడల్లా లోహం అరిగి కొలత తప్పుతది. నష్టం మావాడి పగార్‌ల కోస్తమన్నరు.

వాడు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసిండు. గంటగంటకు తొట్టి వేడి, టైము, ఆఖరికి "సేఠ్ నడువనీ అన్నడు" అన్న మాట కూడా రాసి ఉంది. సూపర్‌వైజర్ చదివి మాట్లాడలేదు. కోత సగానికి దిగింది. సగమైనా ఎందుకు కోయాలె అని నేను ఇంట్లో లొల్లి పెట్టిన. అక్కడికి పోయి అడిగే ధైర్యం మాత్రం నాకు లేకపాయె.

తాకాల మచ్చ పడ్డదని నాకెన్నిసార్లు కోత పడ్డదో లెక్కలేదు. ఒక్కనాడూ రాసి పెట్టుకోలేదు.

ఇప్పుడు వాడు వారానికోసారి ఆ జాలికి గాలి కొట్టి దుమ్ము దులుపుతున్నడు. నోట్‌బుక్ నిండింది. రెండోది మొన్న నేనే కొనిచ్చిన.